అక్షరం అంచున రంగు

బుడమేరు పొంగి బెజవాడను ముంచిన ఏడు అది. ఆ నీళ్లు తీసి, కృష్ణలో మళ్లీ ఇసుక తేలి, ఇవతల సత్తెనపల్లి చేలల్లో మిరప ఎర్రబడింది. ఆ కోతల్లోనే, చాపిన చెయ్యి కనపడని మంచులో, ఎదురుగా లారీ వచ్చేసరికి, నతానియేలు ఆటో ముందు చక్రం కాలవ కట్ట దాటి గాల్లో నిలబడింది. కిందటి వారం మనం ఆ బండినీ, అందులో ఉన్న కోతకూలీ ఆడవాళ్లనూ అక్కడే వదిలి వచ్చాం.

ఎవరికీ ఏమీ కాలేదు. కట్ట మీద ఎవరో రైతు పీకి పోగేసిన పత్తికట్టె ఉంది. బండి అడుగు ఆ మోపుల మీద కూర్చుంది కాబట్టి ఆగింది. అవతల కాలవ నిండుగా పోతోంది. ఆ సంగతి దిగినవాళ్లందరికీ తెలుసు. అరవాల్సిందంతా బండి ఒరిగినప్పుడే అరిచేశారు. ఇప్పుడు క్యారియర్లు చంకలో పెట్టుకుని, కొంగులు తలమీదికి లాక్కుని, నల్లగా కదిలే నీళ్ల వంక చూస్తూ నిలబడ్డారు.

"తలా ఒక చెయ్యెయ్యండి" అంది సిద్దిక.

సిద్దిక ఆ ముఠాకు మేస్త్రి. ఏ చేలో ఎప్పుడు కోతో రైతులతో మాట్లాడేదీ, పొద్దున్నే ఇంటింటికీ పోయి ఆడవాళ్లను లేపేదీ ఆమే. అందరికంటే ముందు ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంటుంది. వెనక కూర్చున్నవాళ్లు చూడనిది ఆమె చూసింది.

బండిని వెనక్కి లాగారు. చక్రాలు రోడ్డు మీద పడ్డాయి. సిద్దిక వాళ్లందరినీ కట్ట వెంబడి నడిచి చేలోకి పొమ్మంది. చేను దగ్గరే, నడవగలిగినంత దూరమే. తాను మాత్రం పోలేదు. వాళ్ల చీరలు ఒక్కొక్కటే మంచులో కలిసిపోయేదాకా ఆగింది. కట్ట దిగి, చేతులకంటిన మట్టీ గ్రీజూ కడుక్కుని పైకొచ్చింది.

నతానియేలు బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండిని పట్టుకున్నాడా, బండే అతన్ని పట్టుకుని నిలబెట్టిందా చెప్పటం కష్టం.

"అన్నా, లారీ మన మీదికి రాలేదు. దాని దారిన అది పోయింది. దాని లైట్లు పడేసరికి నువ్వు మొహం తిప్పుకున్నావు. ఎందుకు తిప్పుకున్నావు?"

"మంచు" అన్నాడు.

"మంచు నాకూ ఉంది."

సిద్దిక వదిలే మనిషి కాదు. కొన్నాళ్లుగా రైతుల దగ్గర్నుంచి వచ్చే మెసేజీలు అతను చదవటం లేదనీ, చదివిపెట్టమని ఫోను తన చేతికిస్తున్నాడనీ, చర్చిలో వాక్యం చదివే మనిషికి రెండు ముక్కల మెసేజీ చదవటానికి ఏమొచ్చిందనీ అడిగింది. పోయిన ఆదివారం చర్చిలో వాక్యం కూడా వేరేవాళ్లు చదివారని తనకు తెలుసునంది. ఊళ్లో ఒక గుడిసెలో తుమ్మితే ఇంకో వీధిలో చిరంజీవ అంటారు, ఇది దాగుతుందా.

"నీ కళ్లకేమైంది?" అంది చివరికి.

ఆ మాట ఇంకొకరి నోట వినటం నతానియేలుకు అదే మొదలు. ఇన్నాళ్లూ అది తన లోపలే ఉంది. లోపల ఉన్నంతసేపూ అబద్ధం కావటానికి ఇంకా వీలుండేది.

చెప్పాడు. చెప్పటం చేతకాని మనిషి, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

పాత ఫోను పగిలింది. స్టూలు మీద పెడితే భార్య ఫెబా పక్కనుంచి పోతూ మోచేత్తో తోసేసింది. కళ్లెక్కడ పెట్టుకున్నావే అని ఆ పూట కేకలేశాడు కూడా. ఒంగోల్లో నర్సుగా చేస్తున్న కూతురు మహిమకు ఆ సంగతి తెలిసి, మంచి ఫోను కొని పంపింది. అరచేతిలో పట్టనంత పెద్ద తెర. రంగుల బొమ్మలు నిగనిగలాడుతున్నాయి. చర్చి తరఫున రోజూ వచ్చే వాక్యం తెరిచాడు. అతనిది దగ్గరి చూపు బాగా ఆనే కన్ను. ఏదైనా ముక్కు దగ్గర పెట్టుకుని చదవటం అలవాటు. అట్లాగే పెట్టుకున్నాడు.

అక్షరాలకు రంగు అంటుకుని ఉంది.

నల్లటి అక్షరం నల్లగా తెగి ఉండాలి గదా. దీనికి ఒక పక్క సన్నగా ఎరుపు, ఇంకో పక్క సన్నగా పచ్చ. సున్నా చుట్టూ రంగు. ఒత్తుల దగ్గరైతే అంతా కలిసి అలుక్కుపోయింది, తడిచేత్తో రుద్దినట్టు. కళ్లు నులుముకుని చూశాడు. చన్నీళ్లు కొట్టుకుని చూశాడు. అక్షరాలు పెద్దవి చేసి చూశాడు. పెద్దవైతే అయ్యాయి గానీ అంచున రంగు అట్లాగే ఉంది.

"కొత్త ఫోనమ్మా. పిల్ల ఏరి కోరి కొన్నది. దానికేం లోటుంటుంది? లోటు నాదే" అన్నాడు.

"కాగితం మీద చూశావా? పుస్తకంలో?"

ఒకసారి చూశాడు. మిరపకాయ బస్తాలు తొక్కి వచ్చిన పూట, కళ్లు కారుతుండగా బైబిలు తెరిస్తే అందులోనూ అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు కనిపించాయి. టక్కున మూసేశాడు. మళ్లీ తెరవలేదు. భయపడ్డవాడికి సాక్ష్యాలు వెతుక్కుంటూ వస్తాయి.

"రంగు కనపడితే ఏమైంది అన్నా? ఏ డాక్టరుకో చూపించుకోవచ్చుగా. దానికి కాలవలో పడేస్తావా మమ్మల్ని?"

అప్పుడు వాళ్ల నాన్న సంగతి చెప్పాడు నతానియేలు. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

వాళ్ల నాన్న పత్తిచేలకు మందు కొట్టేవాడు. మంచి చూపు. ఆకు కింద పురుగు గుడ్డు చూసి చెప్పేవాడు. ఒక ఏడాది, చేలోంచి వచ్చి వసారాలో కూర్చున్నాక, పిల్లాణ్ణి పిలిచి ఒక మాట అడిగేవాడు. "ఒరేయ్, దీపం చుట్టూ రంగుల ఉంగరం ఏమన్నా ఉందిరా?" అని. పిల్లాడు చూసేవాడు. ఏమీ లేదు నాన్నా అనేవాడు. అదేదో ఆట అనుకున్నాడు. ఆ మర్నాడూ అదే మాట. ఇంకో రోజూ అదే మాట. ఇంకో వానాకాలం తిరిగేసరికి ఆయన గోడ తడుముకుంటూ నడిచాడు. డాక్టర్లు నీటికాసులన్నారు, చూపును పక్కలనుంచి తినుకుంటూ వచ్చే జబ్బు. ముందే వచ్చుంటే ఆపేవాళ్లం, పోయింది మాత్రం తిరిగి రాదన్నారు. అందరూ ఎండలో కళ్లు చికిలిస్తుంటే ఆయన ఒక్కడే కళ్లు పెద్దవి చేసుకుని కూర్చునేవాడు.

"అందుకని దీపాల వంక చూడటం మానేశాను" అన్నాడు నతానియేలు. "ఇంట్లో బల్బుకు వీపు పెట్టి అన్నం తింటున్నా. చర్చిలో కిటికీ పక్కకు పోతున్నా. చూస్తే ఉంగరం ఉంటుందేమోనని. ఆ లారీ లైట్లు..."



సిద్దిక చాలాసేపు కాలవ వంక చూసింది. ఆ నీళ్ల చప్పుడులో ఆమె ఏం వింటోందో అతనికి తెలుసు. వెనక సీట్లలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునే ఆడవాళ్లు. అందులో సిద్దిక తోడికోడలుంది. పెళ్లి కుదిరిన పిల్ల ఉంది. పాలు మానని బిడ్డను ముసలమ్మకు అప్పజెప్పి వచ్చిన తల్లి ఉంది.

"నీ కళ్లు పోతున్నాయని నువ్వు అనుకుంటున్నావు" అంది మెల్లగా. "అనుకుంటూనే మమ్మల్ని ఎక్కించుకున్నావు. రోజూ. కళ్లు పోయినవాడి బండి ఎక్కినా బతుకుతామేమో అన్నా. వెలుగొస్తే మొహం తిప్పుకునేవాడి బండి ఎక్కితే బతకం."

చెయ్యి చాపింది. తాళం ఇమ్మని.

తాళం అంటే బండి ఒక్కటే కాదు. ఆ బండి లేకపోతే నతానియేలు ఏమిటో నతానియేలుకే తెలియదు. కోతల కాలమంతా అదే తిండి. మిగతా కాలం అదే మర్యాద. అయినా అతను కాదనలేదు. ఒక్కటే అడిగాడు, ముందు నువ్వొకసారి ఈ అక్షరాలు చూడు, నాకు ఎట్టా కనపడుతున్నాయో నీకు చెప్తాను, నీకు ఎట్టా ఉన్నాయో నువ్వు చెప్పు, ఆ తరవాత ఇస్తాను అని. ఫోను తెరిచి ఆమె చేతిలో పెట్టాడు.

సిద్దిక చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. వేలి చివరనుంచి ఒక నీటిబొట్టు జారి అద్దం మీద, తెల్లగా ఉన్నచోట పడింది.

ఆమె తుడవబోయింది. నతానియేలు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎప్పుడూ ముట్టుకోని మనిషి, పట్టుకున్నట్టు తనకే తెలియలేదు. ఆ బొట్టులో, శనగగింజంత బొట్టులో, రంగులు కుప్పపోసినట్టున్నాయి. ఎర్రటి గింజలు, పచ్చటి గింజలు, నీలపు గింజలు. తెలుపు అన్నదే లేదు. ఇక అయిపోయిందనుకున్నాడు. అంచున ఉన్న రంగు ఇప్పుడు లోపలికంతా వచ్చేసిందనుకున్నాడు.

సిద్దిక తల వంచి చూసింది. ఇంకా వంచింది. ఆమె ఊపిరికి అద్దం మసకబారింది.

"ఇవేందన్నా, ఎర్రవీ పచ్చవీ?"

"నీకు కనపడుతున్నాయా?"

"కనపడక? నాకూ కళ్లున్నాయిగా."

నతానియేలు కట్ట మీద కూర్చుండిపోయాడు. పక్కనున్న పత్తికట్టె గుచ్చుకుంటోంది, అదీ తెలియలేదు.

ఆ తరవాత ఇద్దరూ పిల్లల్లాగా అయ్యారు. సిద్దిక తన ఫోను తీసింది. పాతది, చిన్నది, మూల పగిలింది. దాని మీదా ఒక బొట్టు వేసింది. అందులోనూ అవే మూడు రంగులున్నాయి గానీ తీరు వేరు. ఆమె ఫోనులో మూడు రంగులూ సన్నగా, సమానంగా, ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని నిలబడ్డాయి. గొర్రుతో ఎదబెట్టిన సాళ్లలాగా, మధ్య మట్టి కనపడకుండా. నతానియేలు ఫోనులో అట్లా లేదు. పచ్చగింజలు చిన్నవి, ఎక్కువ. ఎరుపూ నీలమూ పెద్దవి, తక్కువ, ఒకటి విడిచి ఒకటి, ఏటవాలుగా. మధ్యలో నల్లటి ఖాళీలు. మొక్క చచ్చినచోట తిరిగి నాటని మిరపచేనులాగా.

సిద్దిక తమ్ముడు సుభానీకి సత్తెనపల్లిలో సెల్లు షాపుంది. ఆమె అతనికి ఫోను చేసింది. పొద్దున్నే నిద్ర లేపి ఇదేం ప్రశ్న అక్కా అని విసుక్కున్నాడు గానీ చెప్పాడు. తెర మీద తెలుపు అంటూ ఏదీ ఉండదు, ఆ మూడు రంగుల చుక్కలూ కలిసి వెలిగితే మన కంటికి తెలుపవుతుంది. నీ పాత ఫోనులో ప్రతి పిక్సెలుకూ మూడు రంగులూ సొంతంగా ఉన్నాయి. అన్న ఫోనులో అట్లా కాదు, పిక్సెలుకు రెండే, మూడోది పక్కదాని దగ్గర అరువు తెచ్చుకుంటుంది. పైగా తెర పెద్దది చేసి చుక్కలు మాత్రం పెంచలేదు, ఎడమెడంగా పడ్డాయి. ఖరీదు ఫోనుల్లోనూ ఈ అమరికే ఉంటుంది గానీ అందులో చుక్కలు వత్తుగా ఉంటాయి కాబట్టి కంటికి అందదు. బొమ్మలకు ఇది బాగానే ఉంటుంది. అక్షరాల దగ్గరే, అందులోనూ మన సన్నటి ఒత్తుల దగ్గరే, బయటపడుతుంది. అన్నాడు, మళ్లీ పడుకున్నాడు.

సిద్దికకు సగమే ఎక్కింది. నతానియేలుకు మొత్తం ఎక్కింది. చేనే గదా అది.

నల్లటి అక్షరం అంటే అక్కడ దీపాలు ఆర్పేసిన నేలచెక్క. చుట్టూ తెలుపు అంటే వెలిగే పంట. మూడు పంటలు కలిపి వేసిన చేలో మధ్యనున్న చెక్క కోసేస్తే, గట్టున నిలబడ్డవాడికి ఒక పక్క చివర ఏ సాలు మిగిలితే ఆ పంటే కనపడుతుంది. ఇవతల కందిసాలు మిగిలితే కంది. అవతల మిరపసాలు మిగిలితే మిరప. అట్లాగే అక్షరానికి ఇవతల చివర ఎరుపు మిగిలింది, అవతల పచ్చ మిగిలింది. అరువిచ్చే పక్క చుక్క ఆరిపోయింది, ఇక తెలుపు ఎట్లా అవుతుంది. అదే చేనును రోడ్డు మీదనుంచి చూస్తే ఖాళీలూ ఉండవు, సాళ్లూ ఉండవు, అంతా ఒకటే పచ్చదనం.

ఫోను చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర కాదు, చెయ్యి బారుగా చాపి పట్టుకున్నాడు. అక్షరాలు నల్లగా, బుద్ధిగా నిలబడ్డాయి. రంగు లేదు. వాక్యం పైకి చదివాడు.

సిద్దిక నవ్వలేదు.

"ఫోను సంగతి తేలిందన్నా" అంది. "కంటి సంగతి తేలలేదు. మీ నాయన ఫోను చూసి అడగలేదుగా. దీపం చూసి అడిగాడు. నువ్వూ దీపం చూడు."

అంతే గదా. నతానియేలు ఎక్కిన మెట్లు మళ్లీ దిగాడు.

బేరం అక్కడే కుదిరింది. ఆ పూటకు నడక వేగంతో ఆడవాళ్లను తిరిగి తేవాలి. పొద్దుగూకాక దీపం వంక కళ్లు తెరిచి చూడాలి. ఉంగరం లేకపోతే ఫోను చేసి చెప్పాలి. ఉంటే దాచకుండా, మర్నాడు పొద్దున ఎవరూ ఎక్కకముందే తాళం సిద్దిక చేతిలో పెట్టాలి. ఏ దేవుడి మీద ఒట్టు పెట్టాలి అని అతను అడిగితే, దేవుళ్లెందుకు, ఆ కాలవ మీద పెట్టు అంది.

*

పొద్దుగూకింది. ఇంటి పక్కన కల్లంలో, కౌలుకు వేసిన కొద్దిపాటి మిరపకాయ పట్టాల మీద ఎండుతోంది. ఫెబా ఒక చిన్న కుప్ప ముందేసుకుని తాలు ఏరుతోంది. రంగు పోయి తెల్లబడ్డ కాయలు ఒక పక్కకు, ఎర్రవి ఒక పక్కకు. నెత్తిన కర్రకు కట్టిన బల్బు వెలుగుతోంది. ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చునే నతానియేలు ఆ పూట గుమ్మంలోనే నిలబడ్డాడు.

నేల వంక చూస్తూ నడిచాడు. బల్బు వెలుగులో తన నీడ పొట్టిదవుతోంది. వాళ్ల నాన్న గొంతు, చచ్చిపోయి ఎన్నేళ్లయినా, నిన్న విన్నట్టే వినిపించింది. ఉందిరా? ఏమన్నా ఉందిరా? చూడకుండా ఉంటే ఈ పూట గడిచిపోతుంది. సిద్దికకు లేదని చెప్పేయొచ్చు. ఎవరొచ్చి తన కళ్లల్లోంచి చూస్తారు. అట్లా అనుకోగానే కట్ట మీద నిలబడ్డ ఆడవాళ్లు కళ్లముందుకొచ్చారు.

తల ఎత్తాడు.

బల్బుంది. బల్బు చుట్టూ చీకటుంది. రెండిటికీ మధ్య ఏమీ లేదు. ఒక పురుగు తిరుగుతోంది. ఎడమ కన్ను మూసి చూశాడు. కుడికన్ను మూసి చూశాడు. బల్బు బల్బులాగే ఉంది, కడిగి పెట్టినట్టు. చూస్తూ ఉండిపోయాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాక అప్పుడు కొంచెం మసకబారింది, తుడుచుకుంటే మళ్లీ తేటపడింది.

సిద్దికకు ఫోను చేసి ఏమీ లేదన్నాడు. "పడుకో అన్నా, పొద్దున్నే రావాలి" అంది.

ఫెబా పక్కన చతికిలబడ్డాడు. ఇన్నాళ్లూ నోరు విప్పనివాడు ఆ పూట వాగాడు. ఫోను సంగతి, రంగుల సంగతి, నీటిబొట్టు సంగతి, తన భయం సంగతి. కాలవ సంగతి ఒక్కటి మింగేశాడు. ఫెబా నోరెళ్లబెట్టి వింటూనే చేతులతో ఏరుతోంది. ఆమె అతనికి మేనత్త కూతురు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషి. ఇంత మాట దాచుకున్నావా బావా, పిచ్చిమాలోకమా అని తిట్టింది. నవ్వింది. మహిమకు చెప్తే ఇంకో ఫోను పంపుతానంటుంది, చెప్పొద్దులే అంది.

నతానియేలుకు సరదా పుట్టింది. వాళ్ల నాన్న మాటను వాళ్ల నాన్న గొంతుతోనే, ఇక భయం లేని మాటను, పైకి అన్నాడు.

"ఒమే, దీపం చుట్టూ రంగుల ఉంగరం ఏమన్నా ఉందా?"

ఫెబా తల ఎత్తి బల్బును చూసింది. మళ్లీ కుప్ప మీదికి వంగింది.

"ఉందిగా" అంది.

నతానియేలు నవ్వబోయాడు.

"ఉంగరం లేకుండా దీపం ఎట్టా ఉంటుంది బావా? బయట ఎరుపు, లోపల నీలం. అందరికీ ఉండేదేగా."

"ఎప్పటినుంచి?"

"ఏమో. పోయినేడు కోతలప్పటినుంచో, ముందటేడో. తాలు ఏరేటప్పుడు ఘాటు కళ్లల్లో పడుతుంది గదా. కల్లంలో ఎవరికి కళ్లు మండవు? నీళ్లు కొట్టుకుంటే పోతుంది. పొద్దుగూకితే కాస్త కణతలు పోట్లు. మిరపకాయతో పెట్టుకున్నాక ఇవన్నీ మామూలే."

అతను ఆమె ముందున్న కుప్ప వంక చూశాడు. కుడి పక్క చక్కగా ఏరి ఉంది. ఎదురుగా ఏరి ఉంది. ఎడమ పక్క మాత్రం తెల్లకాయలూ ఎర్రకాయలూ కలిసిపోయి, చెయ్యి పడనట్టే ఉన్నాయి. బద్ధకం పెరిగిందే నీకు అని ఈ మధ్య తానే వేళాకోళం ఆడాడు.

ఒక ఎర్రకాయ తీసుకున్నాడు. తొడిమ పట్టుకుని, ఆమె ఎడమ చెవి పక్కన ఆడించాడు. ఫెబా కుప్ప వంక చూస్తూ, మహిమ సెలవు గురించి ఏదో చెబుతోంది. కాయను కొంచెం ముందుకు తెచ్చాడు. ఆమె చెబుతూనే ఉంది. కణత పక్కకు తెచ్చాడు. కంటికొస పక్కకు తెచ్చాడు. ఆమె రెప్ప కదల్లేదు. ముక్కు ముందుకు వచ్చాక అప్పుడు ఉలిక్కిపడి, "ఏంది బావా పిల్లచేష్టలు" అని అతని చెయ్యి తోసేసింది.

స్టూలు మీద ఫోను. అది కూడా ఎడమ పక్కనే ఉంది. పక్కనున్నది కనపడక తోసింది. కళ్లెక్కడ పెట్టుకున్నావే అని తను అరిచాడు. ఆమె పొరపాటే బావా అంది. ఆ ఫోను పగలబట్టి కొత్త ఫోను వచ్చింది. కొత్త ఫోను వచ్చింది కాబట్టి తన కళ్లు పోతున్నాయని ఇన్నాళ్లూ తనకోసం తను ఏడ్చుకున్నాడు. నాన్న రక్తం తనలో ఉందని భయపడ్డాడు. నాన్న తోడబుట్టిన మనిషి కడుపున పుట్టింది గదా ఫెబా. అదే రక్తం, అదే కుదురు. తన ఎదురుగా కూర్చుని తాలు ఏరుతోంది.

ముందే వచ్చుంటే ఆపేవాళ్లం. పోయింది మాత్రం తిరిగి రాదు.

"అట్టా చూస్తావేంది?" అంది ఫెబా.

"ఇక చాల్లే, లే" అన్నాడు. లేపటానికి చెయ్యి ఎడమ వైపునుంచి అందించబోయి, ఆగి, చుట్టూ తిరిగి కుడి వైపుకు వచ్చి అందించాడు.

*

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఆడవాళ్లెవరూ రాకముందే, నతానియేలు సెంటర్‌లో నిలబడి ఉన్నాడు. సిద్దిక మంచులోంచి వచ్చింది. అతను బండి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మొహం పాలిపోయింది. "రాత్రి లేదన్నావుగా?"

"నాకు లేదు" అన్నాడు. "సుభానీని రమ్మని తోలించుకో అమ్మా. మేం గుంటూరు పోవాలి."

సిద్దిక అతని భుజం మీదుగా వెనక్కి చూసింది. చలికి శాలువా కప్పుకుని ఫెబా నిలబడి ఉంది, ఒక్కపూట కళ్ల డాక్టరు దగ్గరికి పోవటానికి ఇంత హడావిడి ఏమిటో తెలియక నవ్వుతూ. సిద్దిక తాళం మీద వేళ్లు ముడిచింది.

బస్సొచ్చింది. ఫెబాను ముందు ఎక్కించి, కిటికీ ఆమె కుడి వైపుకు వచ్చేట్టు కూర్చోబెట్టి, నతానియేలు ఆమె ఎడమ పక్కన, తగలకుండా కూర్చున్నాడు. బస్సు కదిలింది. అతను చప్పుడు చెయ్యకుండా ఆమె వంక చూస్తున్నాడు. ఆమె తిన్నగా ముందుకే చూస్తోంది. కాసేపటికి ఆ నవ్వు తగ్గింది. చెయ్యి పక్కకు చాపి, గాల్లో తడిమింది.

"బావా," అంది గాభరాగా, "ఎక్కావా?"